జూన్‌లో నడక, జనవరిలో హాఫ్ మారథాన్: అలవాటు లేని ఒంటితో 21 కిలోమీటర్లకు సిద్ధపడటం ఎలా?

హాఫ్ మారథాన్ అంటే 21.1 కిలోమీటర్లు. రెండంతస్తులు ఎక్కితే రొప్పే మనిషైనా ఏడెనిమిది నెలలు ఓపిక పడితే ఆ దూరం పూర్తి చేయగలడు. మూడు నెలల్లో చేయిస్తామనే పథకాలు చాలానే దొరుకుతాయి. అవి అప్పటికే వారానికి పది, పదిహేను కిలోమీటర్లు పరుగెత్తుతున్న వాళ్ల కోసం రాసినవి.

అంత టైము ఎందుకంటే ఒంట్లో అన్నీ ఒకే వేగంతో గట్టిపడవు. గుండె, ఊపిరి తొందరగా దారికొస్తాయి. నాలుగైదు వారాలకే ఆయాసం తగ్గినట్టు మీకే తెలుస్తుంది. ఎముకలు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు మాత్రం నెలలు తీసుకుంటాయి. పరుగులో అడుగు పడిన ప్రతిసారీ కాలిమీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. ఆరో వారంలో "బాగానే ఉందిగా, ఇంకో రెండు కిలోమీటర్లు లాగిద్దాం" అనుకున్నవాళ్లే ఎనిమిదో వారంలో కాలికి ఐస్ పెట్టుకుని కూర్చుంటారు. ఊపిరి సరేనన్నా కాలు సరేననేదాకా ఆగాలి. కింద చెప్పే లెక్కంతా ఇందుకే.

ఇక మన ఎండల సంగతి. విజయవాడ, గుంటూరుల్లో పెద్ద దూరాలు పరుగెత్తడానికి వీలైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి సగం వరకే. కాబట్టి జనవరి మూడో వారం తర్వాత ఉన్న రేసు చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి 32 వారాలు లెక్కపెట్టండి. జూన్ మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టాలన్నమాట. జూన్‌లో ఎండ మండుతూనే ఉంటుంది, కానీ అప్పుడు చేసేది నడకే కాబట్టి పెద్ద చిక్కు లేదు.

ముందు డాక్టరు, తర్వాత షూస్

వయసు 40 దాటినా, బీపీ, షుగరు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినా, నడిస్తే గుండెలో బరువుగా అనిపించినా మొదటి అడుగుకు ముందే డాక్టర్ని కలవండి. "హాఫ్ మారథాన్‌కు సిద్ధమవుతున్నాను" అని స్పష్టంగా చెప్పండి. "వాకింగ్ చేయొచ్చా" అని అడిగితే "చేయండి" అంటారు, ఆ జవాబు మీకు చాలదు. ఈసీజీ, హిమోగ్లోబిన్, షుగరు పరీక్షలు చేయించుకోండి. రక్తం తక్కువగా ఉంటే ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు, ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఇన్సులిన్, లేదా షుగరు బాగా పడగొట్టే మాత్రలు వాడేవాళ్లు జేబులో గ్లూకోజు లేకుండా బయటికి వెళ్లొద్దు. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వేసుకునేవాళ్లు చేతి వాచీలో కనిపించే గుండె వేగాన్ని బట్టి శ్రమను కొలవకూడదు.

షూస్ సాయంత్రం కొనండి. రోజంతా నిలబడి తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. వేసుకోబోయే సాక్సుతోనే రెండు కాళ్లకూ తొడిగి నిలబడి చూస్తే, పొడవాటి వేలికీ షూ కొనకూ మధ్య బొటనవేలి గోరంత ఖాళీ ఉండాలి. అది లేకే గోళ్లు నల్లబడి ఊడతాయి. షూని రెండు చేతులతో వంచితే వేళ్ల మొదట్లో వంగాలి, సరిగ్గా మధ్యలో మడత పడితే పక్కన పెట్టేయండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో తక్కువకు దొరికే ఫ్యాషన్ స్పోర్ట్స్ షూస్ చూడ్డానికి బాగుంటాయి, అంతే. రన్నింగ్ కోసమే చేసినవి, సాదా రకమైనా ఫర్వాలేదు. ఒక జత సుమారు 500 నుంచి 700 కిలోమీటర్లు వస్తుంది. ఈ పథకంలో నడకా పరుగూ కలిపితే దాదాపు అంతే అవుతుంది కాబట్టి రేసు నాటికి మొదటి జత అరిగిపోయి ఉంటుంది. నవంబరులో రెండో జత కొని, రెండూ మార్చి మార్చి వాడండి. రేసు రోజు కొత్త షూస్ తొడగడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

నూలు బనియను చెమటను పీల్చి బరువెక్కి ఒరుసుకుంటుంది, పాలియెస్టర్ టీషర్టు మేలు. ఆడవాళ్లు షూస్ మీద పెట్టినంత శ్రద్ధ స్పోర్ట్స్ బ్రా కొలత మీదా పెట్టాలి. ఆరు కిలోమీటర్లు దాటాక తొడల మధ్య, చంకల్లో, మగవాళ్లకు రొమ్ము మొనల దగ్గర చర్మం గీరుకుపోతుంది. బయల్దేరే ముందు అక్కడ వ్యాజిలిన్ రాసుకోండి.

జూన్: పరుగు వద్దు

మొదటి నాలుగు వారాలు నడకే. వారానికి 5 రోజులు, మొదటి వారం 20 నిమిషాలు, నాలుగో వారానికి 45. జూన్‌లో ఐదున్నరకే తెల్లవారుతుంది, ఐదింటికి ఇల్లు కదిలితే ఎండ ముదరకముందే తిరిగొస్తారు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో కొంచెం నీరసంగా ఉండటం మామూలే.

వీటితోపాటు వారానికి రెండు రోజులు ఇంట్లో 15 నిమిషాల కసరత్తు ఉండాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే, తర్వాత మోకాలు పట్టుకునేదీ వాళ్లే. కుర్చీ అంచున కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం 12 సార్లు, మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగడం 15 సార్లు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం 12 సార్లు, ఒక పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం ఒక్కో వైపు 15 సార్లు. అన్నీ మూడు విడతలు. చివర్లో ప్లాంక్ (బోర్లా ఉండి మోచేతులు, మునివేళ్ల మీద ఒంటిని కర్రలా నిలపడం) 20 సెకన్లతో మొదలుపెట్టి పెంచుకోండి. రేసుకు రెండు వారాల ముందు వరకూ ఇది ఆపొద్దు.

45 నిమిషాల నడక తర్వాత మర్నాడు ఎక్కడా నొప్పి లేకుంటే ముందుకు వెళ్లండి. ఉంటే నడకలోనే ఇంకో రెండు వారాలు ఉండండి.

జులై నుంచి సెప్టెంబరు సగం దాకా: కాస్త పరుగు, కాస్త నడక

వారానికి మూడు రోజులే పరుగు. మంగళ, గురు, ఆదివారాలు అనుకోండి. వరసగా రెండు రోజులు వద్దు. ఇంకో రెండు రోజులు అరగంట మామూలు నడక. పరుగు రోజున ముందు 5 నిమిషాలు, చివర 5 నిమిషాలు నడక ఎలాగూ ఉంటుంది. మధ్యలో ఇలా:

5, 6 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, 8 సార్లు
7, 8 వారాలు: 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, 7 సార్లు
9, 10 వారాలు: 3 పరుగు, 2 నడక, 6 సార్లు
11, 12 వారాలు: 5 పరుగు, 2 నడక, 5 సార్లు
13, 14 వారాలు: 8 పరుగు, 2 నడక, 4 సార్లు

ఏ మెట్టు దగ్గరైనా కష్టమనిపిస్తే ఆ రెండు వారాలూ మళ్లీ చేయండి, దాటేయొద్దు. నడవడం నామోషీ అనుకోనక్కర్లేదు. రేసులో కూడా ఇదే పద్ధతిలో 8 నిమిషాలు పరుగెత్తి 2 నిమిషాలు నడుస్తూ హాయిగా పూర్తి చేసేవాళ్లు బోలెడు మంది.

ఎంత వేగం? పక్కన ఉన్న మనిషితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగేంత. మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. కొత్తవాళ్లకు ఇది కిలోమీటరుకు 8, 9 నిమిషాలు ఉంటుంది. చురుగ్గా నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోవచ్చు, పోనివ్వండి. అడుగులు చిన్నవిగా, చప్పుడు తక్కువగా పడాలి. కాలు బాగా ముందుకు చాచి మడమతో నేలను గుద్దితే ఆ దెబ్బ నేరుగా మోకాలికి చేరుతుంది.

ఎక్కడ పరుగెత్తాలి

విజయవాడలో బందరు రోడ్డు పక్కనున్న ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం, గుంటూరులో బృందావన్ గార్డెన్స్ దగ్గరి ఎన్టీఆర్ స్టేడియం మొదటి మూడు నెలలకు మంచివి. వాహనాల గొడవ లేదు, అలసిపోతే ఇల్లు దూరం కాదు. మట్టి నేల దొరికితే వదలొద్దు. 400 మీటర్ల ట్రాక్ ఎక్కడైనా దొరికితే లోపలి గీత పక్కన ఒక చుట్టు 400 అయితే ఎనిమిదో లేన్‌లో సుమారు 453 మీటర్లు. లెక్క తప్పేది ఇక్కడే. ఎప్పుడూ ఒకే దిక్కున తిరగొద్దు. రోజు మార్చి రోజు దిశ మార్చకపోతే మలుపుల్లో ఒకే కాలిమీద భారం పడుతుంది.

దూరం పెరిగాక ప్రకాశం బ్యారేజీ బాగా పనికొస్తుంది. పొడవు 1.2 కిలోమీటర్ల పైచిలుకు, సీతానగరం వైపు వెళ్లి తిరిగొస్తే దాదాపు రెండున్నర. చదునుగా ఉంటుంది, తెల్లవారుజామున కృష్ణ మీది గాలి బాగుంటుంది. ఆరున్నర దాటితే బండ్లు మొదలవుతాయి. దసరా నవరాత్రుల్లో, డిసెంబరులో భవానీలు మాల తీసే రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల, ఘాట్ల దగ్గర కాలు పెట్టే చోటుండదు. ఆ వారాలకు వేరే దారి ముందే చూసి పెట్టుకోండి. గుంటూరు వాళ్లకు ఇన్నర్ రింగ్ రోడ్డు ఉంది. విజయవాడ గాంధీ హిల్ కొండ మాత్రం డిసెంబరు దాకా వద్దు. ఎక్కడం కన్నా దిగడమే తొడలకూ మోకాళ్లకూ దెబ్బ.

రోడ్డుమీద ఎదురొచ్చే బండ్లకు అభిముఖంగా పరుగెత్తండి. రోడ్డు అంచులు పల్లంగా ఉంటాయి కాబట్టి ఒకే అంచున రోజూ పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ కిందుగా పడి మోకాలి బయటి పక్క నొప్పి పుడుతుంది. కుక్కలు వెంటపడితే పరుగు ఆపేయండి, నడవండి, వాటి కళ్లలోకి చూడొద్దు. కరిస్తే సబ్బుతో, ధారగా నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి. చిన్న గీరుకేలే అని వదిలేయడానికి లేదు.

సెప్టెంబరు సగం నుంచి: ఆదివారం పెద్ద పరుగు

ఇక్కడి నుంచి మంగళ, గురువారాలు 35 నుంచి 45 నిమిషాలు తేలిగ్గా. ఆదివారం దూరం పెంచుకుంటూ పోవాలి. 15 నుంచి 20 వారం వరకు వరసగా 5, 6, 7, 5, 8, 9 కిలోమీటర్లు. 21 నుంచి 30 వరకు 10, 11, 12, 9, 13, 14, 15, 11, 16, 18. ముప్పై ఒకటో వారం 10. ముప్పై రెండో వారం రేసు.

మధ్యలో 5కీ, 9కీ, 11కీ తగ్గడం చూశారుగా, అవి పొరపాటున పడ్డ అంకెలు కావు. ఎముక గట్టిపడేది పరుగెత్తేటప్పుడు కాదు, తగ్గించిన వారాల్లో. ఉత్సాహం ఉరకలేస్తున్నా ఆ వారం తక్కువే చేయండి. 21 కిలోమీటర్లు ముందే ఒకసారి పరుగెత్తి చూడాలన్న కోరికా వద్దు. 18 చేసిన కాలికి మిగతా మూడు రేసు రోజున వస్తాయి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉక్క విపరీతం. గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అదే పరుగు కిలోమీటరుకు అర నిమిషం, ముప్పావు నిమిషం ఆలస్యమవుతుంది. మీరు వెనకపడ్డారని అనుకోకండి, నవంబరులో అదంతా తిరిగొస్తుంది. తల తిరగడం, వణుకు, మాట తడబడటం, ఏం చేస్తున్నారో తెలియకపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇవే నెలల్లో డెంగీ, వైరల్ జ్వరాలు తిరుగుతాయి. జ్వరంతో పరుగెత్తడం గుండెకు ప్రమాదం. జ్వరం పూర్తిగా పోయాక ఒక వారం నడిచి, ఆ తర్వాతే పరుగు. డెంగీ అయితే డాక్టరు సరేనన్నాకే. వారం రోజులు పోతే ఆగిన చోటికి ఒక వారం వెనక్కి, రెండు వారాలు పోతే మూడు వారాలు వెనక్కి వెళ్లండి. పోయిన కిలోమీటర్లను తర్వాతి వారంలో కలిపి కట్టేస్తే కుదరదు. నెల పైన పోతే ఈ ఏడు 10 కిలోమీటర్ల రేసుకు పేరు మార్చుకోవడమే మర్యాద.

ఏ నొప్పికి ఆగాలి

పిక్కలు, తొడలు రెండు వైపులా సమానంగా పట్టేసి రెండు రోజుల్లో పోతే అది కండరం అలవాటు పడటమే. ఒకే కాలికి, ఒకే చోట వచ్చే నొప్పిని పట్టించుకోండి. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులేస్తే మూడు దాటినా, కుంటించినా ఆ రోజు పరుగు అక్కడితో ఆపాలి.

కాలి ముందు ఎముక లోపలి అంచున బెత్తెడు మేర సలుపుతుంటే దూరం తొందరగా పెంచారనో, షూస్ అరిగాయనో అర్థం. వారం పది రోజులు పరుగు ఆపి, నొప్పి లేనంత వరకే నడవండి, మునివేళ్ల కసరత్తు చేయండి. అదే నొప్పి ఒక్క వేలితో చూపించగలిగేంత చోట ఉండి, ఒంటికాలిమీద గెంతితే గుచ్చి, రాత్రుళ్లు కూడా ఉంటే ఎముకలో సన్నటి పగులు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కూడా. ఎముకల డాక్టరుకు చూపించేదాకా పరుగు మాట వద్దు.

మోకాలి చిప్ప చుట్టూ, మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు నొప్పి వస్తే తొడ, పిర్ర కండరాలు బలహీనమని. కుర్చీ కసరత్తు ఎగ్గొట్టినవాళ్లకు వచ్చేది ఇది. మోకాలి బయటి పక్క నొప్పి ప్రతిసారీ ఒకే దూరం దగ్గర మొదలవుతుంటే దిగువ దారులు, రోడ్డు అంచు మానేయండి, పక్కకు పడుకుని కాలెత్తే కసరత్తు పెంచండి. పొద్దున మంచం దిగిన మొదటి అడుగులో మడమ గుచ్చుకుంటే అరికాలి పట్టీ వాచినట్టు. ఇంట్లో గచ్చు మీద వట్టి కాళ్లతో తిరగడం మానేసి మెత్తటి చెప్పులు వాడండి, చల్లటి నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించండి.

నొప్పి మాత్ర వేసుకుని పెద్ద పరుగుకు వెళ్లొద్దు. ఒంట్లో నీరు తగ్గిన వేళ ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పైగా ఆగమని చెప్పే నొప్పిని మూసేస్తాయి.

నీళ్లు, ఉప్పు, తిండి

గంటలోపు పరుగుకు వెంట నీళ్లు అక్కర్లేదు, అది ఎండాకాలం తెల్లవారుజామైతే తప్ప. అంతకు మించితే దాహాన్ని బట్టి 20 నిమిషాలకోసారి నాలుగు గుక్కలు. మీకు ఎంత చెమట పోతుందో తెలుసుకోవాలంటే పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగారని. వట్టి నీళ్లు లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది కానీ ఉప్పు తక్కువ, చెమటలో ఎక్కువగా పోయేది ఉప్పే. అందుకే పెద్ద పరుగు తర్వాత ఉప్పేసిన మజ్జిగ దానికన్నా మెరుగు. ఓఆర్‌ఎస్ వాడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న 20.5 గ్రాముల ప్యాకెట్టు తీసుకుని సరిగ్గా లీటరు నీళ్లలో కలపండి.

పెద్ద పరుగుకు గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు. పల్లీ చట్నీ, నెయ్యి కారప్పొడి ఆ పూటకు వద్దు, నూనె, కారం అరగక గొంతులోకి ఎగదన్నుతాయి. ముందు రోజు రాత్రి గోంగూర మటన్ కూడా అంతే, గుంటూరు వాళ్లకు కష్టమైనా సరే. పరుగు 75 నిమిషాలు దాటితే గంటకు 30 గ్రాముల పిండిపదార్థం దాకా కావాలి. అంటే ఒక పెద్ద అరటిపండు, లేదా ఐదారు చిన్న ఖర్జూరాలు. ఏది పడుతుందో ఆదివారాల్లోనే చూసుకోవాలి.

బరువు తగ్గడం మీద ఆశలు పెట్టుకుని అన్నం మానేయకండి. పరుగుకు అయ్యే ఖర్చు కిలోమీటరుకు, కిలో బరువుకు సుమారు ఒక క్యాలరీ. 80 కిలోల మనిషి 5 కిలోమీటర్లకు 400. వచ్చే దారిలో రెండు ప్లేట్ల పునుగులు తింటే లెక్క సరి. పరుగు తర్వాత గంటలోపు పెసరట్టో, రెండు గుడ్లో, పెరుగన్నమో తినండి. రోజూ పప్పు, పెరుగు, గుడ్డు కలిసి వచ్చేలా చూసుకోండి.

రేసు వారం, రేసు రోజు

చివరి వారం మంగళ, గురువారాలు 20 నిమిషాలు చాలు. కాలిగోళ్లు మూడు రోజుల ముందే తీసుకోండి. బిబ్ (ఛాతీకి పెట్టుకునే రేసు నంబరు), పిన్నులు, టీషర్టు రాత్రే తీసి పెట్టుకోండి. నిద్ర సరిగా పట్టకపోయినా కంగారు పడొద్దు, అంతకు ముందు రాత్రి బాగా పడుకుంటే చాలు. నిర్వాహకులు పెట్టిన కటాఫ్ టైము, అంటే రేసు పూర్తి చేయాల్సిన గడువు, ముందే చూసుకోండి. 3 గంటల్లో చేరాలంటే కిలోమీటరుకు 8 నిమిషాల 32 సెకన్లు, మూడున్నర అంటే 9 నిమిషాల 57 సెకన్లు, నడకలతో కలిపి.

అందరూ దూసుకెళ్తుంటే మీరూ వెళ్లాలనిపిస్తుంది. మొదటి 3 కిలోమీటర్లు అనుకున్నదానికంటే కిలోమీటరుకు 20 సెకన్లు నెమ్మదిగా వెళ్లండి. నడక విరామాలు మొదటి నుంచే తీసుకోవాలి, అలసిపోయాక తీసుకుంటే ప్రయోజనం లేదు. 15 నుంచి 18 మధ్య అసలు కష్టం. అక్కడ వేగం తగ్గించుకోండి, అడుగు మాత్రం ఇంకా చిన్నదిగా పడాలి. ఛాతీలో నొక్కినట్టున్నా, ఎడమ చేయి లాగినా, చలి వేసినా పక్కకు తప్పుకుని వాలంటీర్ని పిలవండి.

గీత దాటగానే కూలబడొద్దు. పది నిమిషాలు నడవండి, లేకపోతే కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి. మజ్జిగ, అరటిపండు, అరగంటలో ఏదైనా టిఫిన్. మూత్రం కోలా రంగులోకి మారితే ఆసుపత్రికి వెళ్లాలి, కండరాలు దెబ్బతిని వాటిలోని పదార్థం మూత్రపిండాల్లోకి చేరుతోందని గుర్తు. మర్నాడు మెట్లు దిగడం నరకమే, రెయిలింగు పట్టుకుని పక్కకు తిరిగి దిగండి. ఒక వారం నడక మాత్రమే, రెండో వారం 20 నిమిషాల తేలికపాటి పరుగు రెండుసార్లు. ఫుల్ మారథాన్‌కు పేరిచ్చే ముందు ఇంకో ఏడాది ఇలాంటి దూరాలే పరుగెత్తండి.